అత్తయ్యతో అరుణాచలంలో అయిదు రోజులు

మా అత్తయ్య ఇప్పటికి మూడుసార్లు అరుణాచలం వెళ్ళొచ్చారు. మూడుసార్లూ పౌర్ణమికే, మూడుసార్లూ టూరిస్టు బస్సులోనే. సాయంత్రం దించుతారు, రాత్రంతా గిరి ప్రదక్షిణ, తెల్లవారుజామున దర్శనం క్యూ, మధ్యాహ్నానికి మళ్ళీ బస్సు. ఇంటికొచ్చాక కాళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటూ వారం రోజులు మూలగడం. "ఊరెలా ఉంటుంది అత్తయ్యా?" అని ఒకసారి అడిగాను. "ముందు నడిచేవాళ్ళ వీపులు చూశానమ్మాయ్, ఊరెక్కడ చూశాను?" అన్నారు.

ఆ మాట మీదే ఈ ప్రయాణం పెట్టుకున్నాం. షరతులన్నీ ఆవిడవే. పౌర్ణమి కాకూడదు, ఎవరూ తొందరపెట్టకూడదు, మగవాళ్ళు రాకూడదు. మూడో షరతు విని ఈయన కాస్త చిన్నబుచ్చుకున్నారు గానీ, అయిదు రోజులు టీవీ రిమోట్ తన చేతిలోనే ఉంటుందని గుర్తొచ్చి సర్దుకున్నారు. సంక్రాంతి హడావుడి తగ్గాక, జనవరి చివర్లో సెలవు పెట్టాను. ఆఫీసులో ఒకరు "అరుణాచలమా? ఏమైనా సమస్యా మేడమ్?" అని జాలిగా అడిగారు. ఆ ఊరికి ఊరికే వెళ్ళేవాళ్ళు కూడా ఉంటారని ఎవరికీ తోచదు.

మొదటి రోజు

తెనాలిలో రాత్రి రైలెక్కి తెల్లారేసరికి కాట్పాడిలో దిగాం. వేలూరుకి అదే స్టేషను. ఆటోలో వేలూరు కొత్త బస్టాండుకి వెళ్ళి తిరువణ్ణామలై బస్సెక్కాం. అరుణాచలానికి తమిళ పేరు అదే. ఎనభై కిలోమీటర్ల పైచిలుకు దారి. డ్రైవరు నెత్తి మీద స్పీకరులో ఇళయరాజా పాటలు. తెలుగులో విన్న ట్యూన్లే తమిళంలో వస్తుంటే అత్తయ్య కిటికీకి తల ఆనించి పెదాలు కదుపుతూ కూర్చున్నారు.

పోలూరు దాటాక కాసేపటికి కొండ కనిపించింది. మొదట చిన్నగా, పక్క కొండల్లో ఒకటిలాగే. తర్వాత మిగతావన్నీ తప్పుకున్నట్టు అదొక్కటే మిగిలింది. ఎత్తు 814 మీటర్లే అయినా చుట్టూ చదునుగా ఉండటంతో ఊళ్ళో ఏ సందులోంచి చూసినా ఎదురుగా అదే.

ఒక్క మా గదిలోంచి తప్ప. ఫోన్లో "కొండ కనిపించే గది" అని చెప్పి అడ్వాన్సు వేయించుకున్నారు. తీరా వచ్చి చూస్తే కొండ కనిపించేది బాత్రూం వెంటిలేటర్లోంచి. నాకు ఒళ్ళు మండింది. అత్తయ్య బాత్రూంలోకి వెళ్ళి, బకెట్టు బోర్లించి దాని మీద ఎక్కి చూసొచ్చి, "అబద్ధమేం చెప్పలేదమ్మాయ్, కనిపిస్తోంది" అన్నారు. సాయంత్రానికి మేడ మీదకి మెట్లున్నాయని తెలిసింది. అక్కడ బట్టలారేసే తీగ, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఎదురుగా అడ్డం లేకుండా కొండ. తర్వాత నాలుగు రోజులూ మా మకాం అదే.

గది రమణనగర్లో, ఆశ్రమానికి అయిదు నిమిషాల నడక. చలికాలంలో ఈ వీధులన్నీ విదేశీయులతో నిండిపోతాయి. తెల్ల నూలు బట్టలు, భుజానికి గుడ్డ సంచి, అద్దె సైకిలు. ఒకాయన పంచెకట్టు చూసి అత్తయ్య ఆగిపోయారు. "మీ ఆయన పెళ్ళిలో కట్టుకున్నదాని కంటే గట్టిగా ఉంది చూడు" అన్నారు. నిజమే, పెళ్ళిలో ఈయన పంచె రెండుసార్లు జారింది.

సాయంత్రం రమణాశ్రమానికి వెళ్ళాం. పదహారేళ్ళ పిల్లాడు 1896 సెప్టెంబరు 1న ఇంట్లో చెప్పకుండా ఈ ఊరొచ్చి, 1950లో పోయేదాకా మళ్ళీ ఇంకెక్కడికీ వెళ్ళలేదు. ఆ సంగతి అత్తయ్యకి నాకంటే బాగా తెలుసు. కానీ సమాధి మందిరంలో దణ్ణం పెట్టుకున్నాక ఆవిడ ఎక్కువసేపు నిలబడింది మాత్రం పెరట్లో, ఆవు లక్ష్మి సమాధి దగ్గర. పక్కనే జింకకీ, కాకికీ, కుక్కకీ కూడా సమాధులున్నాయి. పెళ్ళైన కొత్తలో ఆవిడ నాలుగు గేదెల్ని సాకారు. "గొడ్డుకి గుడి కట్టాడంటే ఆయన మంచివాడే అయ్యుంటాడు" అన్నారు, అప్పటిదాకా అనుమానం ఉన్నట్టు.

లోపల తమిళ పారాయణం జరుగుతుంటే బయట గోడ మీద నెమలి కూర్చుని అరుస్తోంది. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు.

రెండో రోజు

పొద్దున్నే చలి. మన లెక్కకి చలే. వీధి చివర కాఫీ బండి దగ్గర శాలువాలు కప్పుకున్న అరడజను మంది. ఇక్కడ కాఫీ కలిపే తీరు చూడటమే ఒక కాలక్షేపం. గ్లాసులో ముందు వేలెడు డికాక్షన్, చక్కెర, ఆపైన మరిగే పాలు. అప్పుడు ఒక చేయి తలపైకి, ఒక చేయి నడుం దగ్గరికి. మధ్యలో గోధుమరంగు తాడులా కాఫీ సాగుతుంది, ఒక్క చుక్క కింద పడదు. అత్తయ్య మొదటి గుక్క తాగి ఏమీ మాట్లాడలేదు. రెండోది తాగి, "ఇన్నేళ్ళూ మనం ఇంట్లో తాగుతున్నదేమిటి మరి?" అన్నారు. కలిపేది నేనే కాబట్టి ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేదు.

ఆశ్రమం వెనక గేటులోంచి స్కందాశ్రమానికి కొండదారి ఉంది. రెండు కిలోమీటర్లుంటుందేమో. రాళ్ళు పరిచిన దారి, చాలావరకు చెట్ల నీడ. ఒకప్పుడు ఈ కొండ బోడిగా ఉండేదట. ఏళ్ళ తరబడి స్వచ్ఛంద సంస్థలు మొక్కలు నాటి, వేసవిలో మంటలు రాకుండా కాపలా కాస్తే ఇంత నీడ వచ్చింది. చెప్పులు విప్పి నడిచాం. పొద్దుటి పూట రాయి చల్లగా ఉంటుంది.

దారి పక్కన అక్కడక్కడా శిల్పులు కూర్చుని చిన్న చిన్న ఏనుగులు, నందులు, లింగాలు చెక్కుతుంటారు. టక్ టక్ మని ఉలి చప్పుడు చెట్ల మధ్య ముందు వినిపించి, మనిషి తర్వాత కనిపిస్తాడు. అత్తయ్య ఒకతని దగ్గర చతికిలబడ్డారు. ఆయనకి తెలుగు రాదు, ఆవిడకి తమిళం రాదు. పావుగంట మాట్లాడుకున్నారు. చివరికి అంగుళం ఎత్తు వినాయకుణ్ణి కొన్నారు.

స్కందాశ్రమం దగ్గర దారి మలుపు తిరగ్గానే కింద గుడి మొత్తం కనిపిస్తుంది. నాలుగు దిక్కులా నాలుగు గోపురాలు, ప్రాకారాలు, దాని చుట్టూ ఊరు. అంతసేపూ మనం నడిచిన చప్పుడు తప్ప ఏమీ వినపడదు, ఒక్కసారిగా ఊరి హారన్లన్నీ పైకొస్తాయి. రమణులు 1916 నుంచి 1922 దాకా తల్లితో ఇక్కడే ఉన్నారు. చల్లటి ఊట నీరు ఉంది. మెట్ల మీద కూర్చుని సంచిలోంచి అరటిపళ్ళు తీశామో లేదో కోతి ప్రత్యక్షం. మొత్తం అత్తం అప్పగించేశాం.

కిందికి కాస్త దిగితే విరూపాక్ష గుహ. అంతకుముందు పదిహేడేళ్ళు ఆయన ఉన్నది ఇక్కడ. బొబ్బిలి దగ్గర పుట్టిన మన కావ్యకంఠ గణపతి ముని 1907లో ఈ కొండ మీదే ఆయన్ని కలిసి, రమణ మహర్షి అని పేరు పెట్టాడు. అప్పటిదాకా ఆయన్ని అందరూ బ్రాహ్మణస్వామి అనేవాళ్ళు. గుహలో చీకటి, ఉక్క, మనుషులు. అందరూ కళ్ళు మూసుకుని కూర్చున్నారు. మేమూ మూసుకున్నాం. అయిదు నిమిషాల తర్వాత అత్తయ్య మోచేత్తో పొడిచి, "అమ్మాయ్, నా కళ్ళజోడేదీ?" అని గుసగుసగా అడిగారు.

వచ్చిన దారంతా వెతుక్కుంటూ వెనక్కి నడిచాం. శిల్పి అప్పటికే భోజనానికి వెళ్ళిపోయాడు. దొరకలేదు.

సాయంత్రం మేడ మీద పై వాటాలో ఉండే ఒక జర్మన్ ఆవిడ పరిచయమైంది. డెబ్భై ఏళ్ళుంటాయి, ఏటా చలికాలం వచ్చి రెండు నెలలుంటుందట. నన్ను ఇంగ్లీషులో అడిగింది, మీ అత్తగారు ఇక్కడ దేన్ని వెతుక్కుంటూ వచ్చారు అని. నేను తెలుగు చేసి చెప్పాను. అత్తయ్య ఇంకా అదే చిరాకులో ఉన్నారు. "కళ్ళజోడని చెప్పు" అన్నారు. చెప్పాను. ఆవిడ చాలాసేపు ఆలోచించి, తల పంకించి, "చాలా లోతైన మాట" అంది. అత్తయ్యకి ఆ ముక్క తెలుగు చెయ్యలేదు.

మూడో రోజు

తెల్లవారుతూనే నేనొక్కదాన్నే మళ్ళీ కొండెక్కాను. శిల్పి అప్పుడే గోనెపట్టా పరుస్తున్నాడు. పక్కన రాతి మీద మూరెడు ఎత్తు నల్లరాతి నంది, దాని ముఖానికి మా అత్తయ్య కళ్ళజోడు. పోయేవాళ్ళకి కనిపిస్తుందని పెట్టాడట. డబ్బివ్వబోతే తీసుకోలేదు. ఫోటో తీసుకోమన్నాడు. ఆ ఫోటో ఇప్పుడు మా ఫ్యామిలీ గ్రూపులో అందరికీ తెలుసు.

కళ్ళజోడు వచ్చాక గుడికి. మామూలు రోజు, పొద్దుటి పూట, దర్శనం ముప్పావు గంటలో అయిపోయింది. పోయినసారి ఇదే దర్శనానికి అయిదు గంటలు నిలబడ్డారట. పంచభూత స్థలాల్లో ఇది అగ్ని. గర్భగుడిలో నిజంగానే వేడి, చెమటలు కారుతూ బయటికొస్తే రాతి మండపం చల్లదనం వీపుకి తగులుతుంది. తూర్పు రాజగోపురం 217 అడుగులు, పదకొండు అంతస్తులు. కృష్ణదేవరాయలు మొదలుపెడితే తంజావూరు సేవప్ప నాయకుడు పూర్తి చేశాడు. వేయి కాళ్ళ మండపమూ రాయలదే. "మనవాళ్ళు కట్టారా!" అని అత్తయ్య, పక్కింటివాళ్ళ డాబా చూసినట్టు, గోపురాన్ని పైనుంచి కిందదాకా చూశారు. ఆ మండపంలోనే పాతాళలింగం. ఊరికి కొత్తగా వచ్చిన రమణుడు ఒంటి మీద చీమలూ పురుగులూ కుడుతున్నా తెలియకుండా కూర్చున్నది ఆ చీకటి గదిలో.

మేము మాత్రం ఆరుబయట, కోనేటి పక్కన నీడ చూసుకుని కూర్చున్నాం. ఎవరూ లేవమనలేదు. మూడుసార్లు వచ్చినా ఈ గుడిలో కూర్చోవడం ఇదే మొదటిసారని అత్తయ్య అన్నారు.

తేరడి వీధిలో బజారు. పూలమ్మే ఆడవాళ్ళు వరసగా కూర్చుంటారు. మల్లెపూలు ఇక్కడా మూర లెక్కే. మొళం అంటారు, కొలిచేది మోచేతితోనే. నేను మొదట కనిపించిన బుట్ట దగ్గర ఆగబోయాను. అత్తయ్య చెయ్యి పట్టి లాగారు. వరస మొత్తం ఒకసారి నడిచి, అందరి చేతులూ చూసి, చివర ఉన్న పొడుగాటావిడ దగ్గర కూర్చున్నారు. "ధర అందరిదీ ఒకటే, చెయ్యి ఒకటి కాదుగా" అన్నారు. నాలుగు మూరలు కొన్నాం. పక్కావిడ కొలిస్తే అదే అయిదు మూరలయ్యేది.

తర్వాత ఇత్తడి ఫిల్టరు. దీనికి గంటన్నర పట్టింది. మూడు కొట్లు తిరిగారు. ప్రతి ఫిల్టరు పై గిన్నె తీసి, వెలుతురుకేసి పట్టి, కన్ను చికిలించి చిల్లులు చూస్తారు. చిల్లులు పెద్దవైతే పొడి జారిపోతుంది, మరీ చిన్నవైతే డికాక్షన్ దిగడానికి తెల్లారుతుంది. అడుగు మీద గోటితో కొట్టి చప్పుడు వింటారు. పై గిన్నె కింది గిన్నెలో కూర్చునే చోట వేలు పెట్టి తిప్పి చూస్తారు. కొట్టతను మొదట విసుక్కున్నాడు గానీ చివరికి లోపలికి వెళ్ళి, పాత స్టాకులోంచి ఒకటి తెచ్చి మాట్లాడకుండా ఆవిడ ముందు పెట్టాడు. దాన్నే కొన్నాం. కొట్టతను తెలుగు బాగానే మాట్లాడాడు. ఇప్పుడు ఈ ఊళ్ళో సగం బోర్డులు తెలుగులో ఉన్నాయి. ఆంధ్రా భోజనం అని రాయని హోటలు కష్టం. ప్రవచనాలు విని మనవాళ్ళు బస్సుల కొద్దీ రావడం మొదలయ్యాక వచ్చిన మార్పు ఇది.

అయినా మేము తిన్నది తమిళ మెస్సులోనే. అరిటాకు, సాంబారు, రసం, కూటు, పొరియల్, మజ్జిగ. బాగుంది. "పప్పేదీ?" అని అత్తయ్య రోజూ అడిగారు, రోజూ సాంబారే చూపించారు. ఆవిడ సంచిలోంచి ఆవకాయ సీసా తీస్తే ఎదురు ఆకు ముందు కూర్చున్న విదేశీ కుర్రాడు అదేమిటని సైగ చేశాడు. ఆవిడ వద్దంటున్నా వినకుండా ఓ ముక్క వేశారు. పాపం, అతని ధ్యానమంతా ఆ పూటకి నీళ్ళ గ్లాసు మీదే.

నాలుగో రోజు

సాత్తనూరు డ్యాముకి వెళ్ళాం. ముప్ఫై కిలోమీటర్లు, బస్సులో గంట పైన. దక్షిణ పెన్న మీద 1958లో కట్టిన ఆనకట్ట. తోట, పిల్లల ఊయలలు, మొసళ్ళ కేంద్రం. మొసళ్ళ గురించి చెప్పడానికేమీ లేదు. అవి కదల్లేదు, మేమూ కదల్లేదు, పావుగంట ఒకరినొకరు చూసుకున్నాం.

అసలు సంగతి చేపలు. డ్యాము దగ్గర బండ్ల మీద కారం పట్టించిన చేపలు పెనం మీద వేయిస్తుంటారు. ఆ వాసన వస్తుంటే అత్తయ్య నడక నెమ్మదించింది. వచ్చిన దగ్గర్నుంచీ ఉల్లిపాయ కూడా ముట్టలేదు ఆవిడ. ఒకసారి వెనక్కి తిరిగి చూశారు, చుట్టూ ఉన్న గుట్టలన్నీ చూశారు.

"అమ్మాయ్, ఇక్కణ్ణించి ఆయన కొండ కనిపిస్తోందా?"

"లేదత్తయ్యా."

"అయితే రెండు చెప్పు."

నాలుగు తిన్నాం. చేప గురించి ఇంట్లో చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకోలేదు కాబట్టి రాస్తున్నాను. గదికొచ్చి తలస్నానం చేసి, వెంటిలేటర్లోంచి దణ్ణం పెట్టుకున్నారు.

ఆ రాత్రి మేడ మీద మాటల్లో చలం ప్రస్తావన వచ్చింది. ఆయన 1950లో కుటుంబంతో ఈ ఊరొచ్చేసి, 1979లో పోయేదాకా ఇక్కడే ఉండిపోయారు. "ఆయన పుస్తకం నా పరుపు కింద దొరికిందని మా నాన్న మూడు రోజులు మాట్లాడలేదు" అన్నారు అత్తయ్య. ముప్ఫై ఏళ్ళుగా కోడలిగా ఉన్నాను, ఈ సంగతి నాకు తెలియదు. "ఏ పుస్తకం?" అంటే నవ్వి, కొండకేసి తిరిగారు.

అయిదో రోజు

గిరి ప్రదక్షిణ చివరికి పెట్టుకున్నాం. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం. పధ్నాలుగు కిలోమీటర్లు. కొండ కుడిచేతి వైపు ఉంటుంది, ఆ పక్కన సిద్ధులు నడుస్తారని మనుషులు రోడ్డుకి ఎడమ పక్కనే నడుస్తారు. కొండ చుట్టూ దిక్కుకొకటిగా ఎనిమిది లింగాల గుళ్ళున్నాయి. ఆశ్రమం దగ్గర మొదలుపెట్టాం కాబట్టి ముందు యమలింగం, తర్వాత నిరుతి, అలా వరసగా. పౌర్ణమికి తోసుకుంటూ నడిచే ఈ రోడ్డు మీద ఆ వేళ మేమూ, కొన్ని కుక్కలూ, దుప్పటి కప్పుకుని పడుకున్న సాధువులూ. చెంగం రోడ్డు వదిలి కొండ వెనక్కి తిరిగాక తెల్లవారింది. ప్రతి మలుపులోనూ కొండ ఇంకోలా ఉంటుంది. ఒకచోట ఒకే శిఖరం, ఇంకోచోట మూడు.

అత్తయ్య ఈసారి పందెం వేసుకున్నట్టు ఆగారు. టీకి, ఇడ్లీకి, ఉడికించిన చిలగడదుంపకి ఆగారు. పంపు దగ్గర కాళ్ళు కడుక్కోవడానికి, అడి అణ్ణామలైలో ముగ్గు వేస్తున్న ఆవిడ చుక్కలు లెక్కపెట్టడానికి ఆగారు. ఒకచోట తేగలు అమ్ముతున్నారు. తమిళంలో పనంకిళంగు. కట్ట కొని సంచిలో వేయించారు.

కుబేరలింగం దాటాక ఇడుక్కు పిళ్ళైయార్ అని చిన్న గుడి. ఇరుకు వినాయకుడు. ఒకవైపు నుంచి పాక్కుంటూ దూరి ఇంకోవైపు నుంచి బయటికి రావాలి, బొజ్జలున్నవాళ్ళకి గుండె దడ. నేను వద్దన్నాను. అత్తయ్య కొంగు బిగించి, ఒక పక్కకి ఒత్తిగిలి, చేపలా జారి అటువైపు లేచారు. వెనకే నేను. భుజం దగ్గర ఇరుక్కున్నాను. అటువైపు నుంచి ఆవిడ ఒక చేయీ, ముక్కూ మొహం తెలియని తమిళావిడ ఇంకో చేయీ పట్టి లాగారు. "ఊపిరి వదిలెయ్యి, ఊపిరి!" అని అత్తయ్య అరుపు. వదిలాను, బయటపడ్డాను. మోచెయ్యి గీరుకుపోయింది.

తిరిగి రమణనగర్ చేరేసరికి పన్నెండయింది. ఏడున్నర గంటలు. గంటల లెక్క చెబితే పౌర్ణమి బ్యాచ్ నవ్వుతుంది.

సాయంత్రం గది ఖాళీ చేశాం. జర్మన్ ఆవిడ కిందికి దిగి వచ్చి అత్తయ్యకి తన నూలు కండువా ఇచ్చింది. ఆవిడ తిరిగి ఇవ్వడానికి ఏమీ లేక సంచిలో వెతికి ఆవకాయ సీసా ఇచ్చారు. నేను ఇంగ్లీషులో హెచ్చరించాను, చాలాసార్లు.

వేలూరు బస్సు బయల్దేరాక అత్తయ్య సీటు మారి అటువైపు కిటికీకి వెళ్ళారు. కొండ వెనక్కి జరుగుతోంది. మెడ తిప్పి చాలాసేపు చూశారు. ఒళ్ళో ఇత్తడి ఫిల్టరు, న్యూస్ పేపరు చుట్టి ఉంది. పోలూరు దగ్గరికి వచ్చాక ముందుకి తిరిగి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అమ్మాయ్, ఆ తేగలు తియ్యి. నార నువ్వు తీసిపెట్టు, నాకు పళ్ళు లేవు" అన్నారు.